ఎదురు కుర్చీ

అత్తగారు పోయిన రోజున ఆ ఇంట్లోంచి ఒక అట్టముక్క కూడా పోయింది. దాన్ని ఎవరూ వెతకలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు కూర్చోవాలని భోజనాల బల్ల చుట్టూ ఉండే కుర్చీలన్నీ ముందుగదిలోకి మోశారు. వంటింటి గుమ్మం పక్కనుండే కుర్చీని ఎత్తినప్పుడు దాని వెనక కాలి కింద మడిచి పెట్టిన మందుల డబ్బా అట్ట నేల మీద మిగిలిపోయింది. ఎవరో ఊడ్చి అవతల పారేశారు. పెద్దావిడ పోయిన ఇంట్లో అట్టముక్క ఎవరికి పడుతుంది? కోడలికీ పట్టలేదు. ఆమె ఆ రోజంతా టీ గ్లాసులు కడుగుతూనే ఉంది. కుళాయి దగ్గర నిలబడ్డ మనిషి ముఖం కూడా తడిగా ఉంటే ఎందుకని ఎవరూ అడగరు.

ఆ బల్ల గుండ్రనిది. చుట్టూ ఆరు కుర్చీలు. కిటికీ పక్కన మామగారు. ఆయనకు కుడివైపు పెద్దకొడుకు, అంటే ఆమె భర్త. ఎడమవైపు చిన్నకొడుకు, ఆమె మరిది. భర్త పక్కన ఆమె, మరిది పక్కన ఆమె కూతురు. మామగారికి సరిగ్గా ఎదురుగా, వంటింటి గుమ్మాన్ని ఆనుకుని, అత్తగారు. ఎవరి కుర్చీ ఏదో ఎవరూ రాసిపెట్టలేదు గాని, ఒక్క పూట కూడా ఎవరూ మారలేదు.

ఆ బల్లకొక పద్ధతి ఉండేది. బల్ల మీద ఏది తక్కువైనా గుమ్మం పక్క కుర్చీలో ఉన్నవాళ్లే లేవాలి. మామగారు రిటైరైన లెక్కల మాస్టారు. క్లాసులో అంతా చెప్పేసి వచ్చినట్టు ఇంట్లో మాట ఖర్చుపెట్టేవారు కాదు. నీళ్లు కావాలంటే ఖాళీ గ్లాసును కాస్త పైకెత్తి ఎదురుగా చూసేవారు. ఎదురుగా అత్తగారే కాబట్టి ఆవిడ లేచేది. "మీ మామయ్య గ్లాసుకి మాటలొచ్చమ్మాయ్, ఆయనకే రావు" అనేది నవ్వుతూ. ఆవిడ ఆ కుర్చీలో కూర్చోవడం కంటే దాన్ని దాటుకుని వెళ్లడమే ఎక్కువ. ముద్ద నోట్లో పెట్టుకునేది, ఉప్పుకి లేచేది. ఇంకో ముద్ద, ఈసారి కూరకి లేచేది. చివరికి అందరూ లేచాక చల్లారిన అన్నం నింపాదిగా తినేది. "నాకు వేడి పడదులే" అనేది. నిజంగానే పడదనుకున్నారు అందరూ.

కోడలు ఆ ఇంటికి వచ్చిన మొదటిరోజు, కొత్తపిల్ల అణకువగా ఉండాలి కదా అని, వంటింటికి దగ్గరగా ఉన్న ఆ కుర్చీలోనే కూర్చోబోయింది. అత్తగారు చటుక్కున, "లే. అది నా చోటు. నువ్వటు కూర్చో" అంది. అందరి ముందూ. కోడలికి ప్రాణం చివుక్కుమంది. తల్లికి ఫోన్ చేసి, "వంటింటి పక్క కుర్చీకి కూడా నేను పనికిరాలేదమ్మా" అని ఏడ్చింది. "కుర్చీ కోసం ఏడవడానికి నువ్వేమన్నా మంత్రివా? ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చో" అంది తల్లి. తర్వాత కూడా ఒకటి రెండుసార్లు, అత్తగారికి ఒంట్లో బాగాలేనప్పుడు, ఆమె ఆ కుర్చీ లాక్కోబోయింది. ప్రతిసారీ అదే మాట. "అటు కూర్చో." ఆ ఒక్కమాటా ఆమె లోపల ఎక్కడో చిన్న ముల్లులా ఉండిపోయింది. నడకకు అడ్డం రాదు, అలా అని మర్చిపోనూ పోదు.

అలాగని అత్తగారు చెడ్డమనిషి కాదు. నోరు మాత్రం ఉంది. కోడలు కూరగాయలు తరిగితే, "ముక్కలు కోశావా, మేకులు కోశావా?" అనేది. కోడలు ఒక రసాయనాల ఫ్యాక్టరీలో, మందుల కంపెనీలకు ముడిసరుకు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. అక్కడి పని గురించి అత్తగారికి అంతులేని ఆసక్తి. "ఇవాళేం వండావే మీ గాజుగిన్నెల్లో?" అని రోజూ అడిగేది. "రుచి చూడకూడదటగా? ఉప్పు చాలిందో లేదో తెలియకుండా వండటం కూడా ఒక వంటేనా?" అని తనే నవ్వేది. పొద్దున బస్సు వేళకి కోడలు పొయ్యి దగ్గరే తచ్చాడుతుంటే మాత్రం, "వెళ్లు, వెళ్లు. ఈ మంట చూడ్డానికి నేనున్నాగా" అని తరిమేది.

వచ్చినవాళ్లంతా వెళ్లాక కుర్చీలు మళ్లీ బల్ల చుట్టూ చేరాయి. అయిదుగురు, ఆరు కుర్చీలు. ఆడపడుచు ఊరికి బయల్దేరే పూట, వడ్డిస్తూ వడ్డిస్తూ వదిన కంచాన్ని తీసుకెళ్లి గుమ్మం పక్క చోట పెట్టింది. "అమ్మ చోటు ఖాళీగా ఉంటే చూడలేకపోతున్నాను వదినా. నువ్వు కూర్చో. ఇక ఈ ఇంటికి అమ్మవి నువ్వే" అంది. కళ్లనీళ్లతో అన్న మాటని కాదనడం ఎలా? కోడలు వెళ్లి కూర్చుంది. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. ఆమె బల్ల అంచు పట్టుకుని ఆపుకుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆ అట్టముక్క. ఇల్లు ఊడ్చినప్పుడల్లా అత్తగారు వంగి దాన్ని కాలి కిందకి తోసేది. "ఒరేయ్, ఈ స్క్రూ కాస్త బిగించండిరా" అని కొడుకులిద్దరికీ చెప్తూ ఉండేది. "ఆదివారం చూద్దామమ్మా" అనేవాళ్లు ఇద్దరూ ఒకే గొంతుతో. ఎన్ని ఆదివారాలు వచ్చి వెళ్లాయో.

సరిగ్గా అప్పుడే మామగారి గ్లాసు కొంచెం పైకి లేచింది. ఆయన చూపు ఎదురుగా వచ్చి ఆమె మీద ఆగింది. పాపం ఆయన తప్పు కూడా కాదు. ఆ చూపుకి వెళ్లే దారి అదొక్కటే తెలుసు. ఆమె లేచింది.

వారం తిరిగేసరికి ఆమెకి కూడా వేడి పడటం మానేసింది.

ఆ వారంలోనే సెక్షన్ హెడ్ ఆమెను తన గదిలోకి పిలిచాడు. అంతకుముందు జరిగింది కొంచెం చెప్పుకోవాలి. వాళ్లు చేస్తున్న సరుకుకి మూలం ఒక బెంజీన్ వలయం. ఆరు కార్బన్లు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతాయి. ఒక్కొక్కదాని దగ్గర ఒక్కొక్క హైడ్రోజన్ కూర్చుని ఉంటుంది. ఒక హైడ్రోజన్ లేచి వెళ్తే ఆ చోటులో కొత్తది వచ్చి కూర్చుంటుంది. పాఠ్యపుస్తకాల్లో దాన్నే ప్రతిక్షేపణ అంటారు. ఎవరు వచ్చినా, ఎవరు పోయినా వలయం మాత్రం చెదరదు. దాని ఆకారం దానికి ముఖ్యం. ఇందులో తమాషా ఏమిటంటే, కొత్తగా వచ్చేది తనకి ఇష్టమైన చోట కూర్చోలేదు. అప్పటికే వలయం మీద ఎవరు పాతుకుపోయి ఉన్నారో వాళ్లే కొత్తవాళ్ల చోటు నిర్ణయిస్తారు. వీళ్ల వలయం మీద ముందునుంచీ ఒక మిథైల్ గుంపు ఉంది. వీళ్లకి క్లోరిన్ దాని పక్కనే కావాలి. అదేమో చాలావరకు మిథైల్‌కి ఎదురు చోటుకి పోయి కూర్చుంటుంది. పక్కది, ఎదురుది కలిసిపోయి వస్తాయి. వాటిని విడదీయలేక సెక్షన్ అంతా తలలు పట్టుకుంది.

దారి చూపించింది ఆమె. ముందు గంధకామ్లంతో వేడిచేసి ఎదురు చోటులో ఒక సల్ఫోనిక్ గుంపును కూర్చోబెట్టాలి. ఆ చోటు నిండిపోయింది కాబట్టి క్లోరిన్ గత్యంతరం లేక పక్క చోటుకి వస్తుంది. పని అయ్యాక ఆవిరి పట్టిస్తే సల్ఫోనిక్ గుంపు ఊడి వెళ్లిపోతుంది. దానికి అక్కడ కావలసిందేమీ లేదు. కాసేపు చోటు ఆపడమే దాని పని. అందుకే దాన్ని అడ్డుగుంపు అంటారు. ఇదేమీ ఆమె కనిపెట్టిన వింత కాదు, పాత పద్ధతే. కాని వీళ్ల సరుకుకి అది పనికొస్తుందని అనుకున్నదీ, చిన్న ఫ్లాస్కులో చేసి చూపించిందీ ఆమె. సమావేశంలో సెక్షన్ హెడ్ దాన్ని "మన ఐడియా" అన్నాడు. ఆపైన, "వంట బాగా వచ్చినవాళ్ల చేతిలో ఇవన్నీ బాగా కుదుర్తాయండీ" అని అందర్నీ నవ్వించాడు. ఆయనకి వంట రాదు. ఫ్లాస్కులో ఆయన చేసినవీ కుదరవు. ఆ రెండింటికీ సంబంధం ఉందో లేదో ఆమె చెప్పలేదు.

"పెద్ద రియాక్టర్‌లో చెయ్యడానికి అనుమతి వచ్చిందమ్మా" అన్నాడిప్పుడు. "కొన్ని వారాలు ఎవరో ఒకరు పొద్దున్నే వచ్చి రియాక్టర్ దగ్గర నిలబడాలి. న్యాయంగా అయితే మీరే. కాని మీ ఇంట్లో ఇలా అయింది కదా. ఇబ్బందైతే మొహమాటపడకండి, ఇంకొకరిని పెడతాం. మీరు కూర్చుని నివేదిక రాద్దురుగాని. సోమవారం చెప్పండి."

ఆ సాయంత్రం భర్తతో చెప్పింది. చెడ్డగా ఏమీ అనలేదు అతను. అతనెప్పుడూ చెడ్డగా ఏమీ అనడు. "అమ్మ ఉన్నప్పుడు వేరు. ఇప్పుడు ఇంట్లో ఇంకెవరున్నారు చెప్పు?" అన్నాడు బాధగా. ఆ సమయానికి ముందుగదిలో మామగారు పేపరు చదువుతున్నారు. మరిది మంచం మీద పడుకుని ఫోన్లో ఆట ఆడుతున్నాడు. ఇంకెవరున్నారని అడిగిన మనిషి కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఆమెకి ఆ దుఃఖంలోనూ నవ్వొచ్చింది. అత్తగారైతే పైకే నవ్వేసేది.

మర్నాడు ల్యాబులో మరోసారి చిన్న ఫ్లాస్కు పెట్టింది. ఆఖరి దశ. ఆవిరి గొట్టంలోంచి బుసకొడుతూ ఫ్లాస్కులోకి వెళ్తోంది. అడ్డుగుంపు ఊడిపోతోంది. గాజు సీసాలోకి నీళ్లతో కలిసి నూనె చుక్కలు దిగి, అడుగున ఒకదాన్నొకటి అంటుకుని మెల్లగా ఒక్కటవుతున్నాయి. ఆ చుక్కలంటే ఆమెకి ఇష్టం. చిన్నపిల్లలు బడి గంట కొట్టాక వరసలో నిలబడ్డట్టు ఉంటాయి. చూస్తూ చూస్తూ, ఇంతా చేసి చివర్లో మిగలని దాని గురించి ఎవరూ ఆలోచించరు కదా అనుకుంది. సీసా మీద అతికించే పేరులో క్లోరిన్ ఉంటుంది, మిథైల్ ఉంటుంది. చోటు ఆపినదాని పేరు ఉండదు. అది అక్కడ కూర్చోబట్టే రెండోది తనకి తగిన చోటులో కుదురుకుందని సీసాను చూసి ఎవరు చెప్పగలరు?

"లే. అది నా చోటు. నువ్వటు కూర్చో."

ఆమె చేయి ఆవిరి గొట్టపు కుళాయి మీద ఆగిపోయింది. తను ఉద్యోగంలో చేరింది, పైచదువు పరీక్షలు రాసింది, రాత్రి షిఫ్టులు చేసింది, కూతుర్ని ఇంట్లో వదిలేసి శిక్షణకి వెళ్లొచ్చింది. ఇన్నాళ్లూ ఆ కుర్చీ నిండి ఉంది కాబట్టే మామగారి చూపు తన మీదికి రాలేదు. అత్తగారు కుర్చీ కోసం పట్టుబట్టిందా, లేక కోడల్ని ఆ కుర్చీకి దక్కకుండా పట్టుబట్టిందా? తెలిసి చేసిందో, అలవాటుకొద్దీ చేసిందో. అడుగుదామంటే మనిషి లేదు. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిరి పట్టేసిందని పక్కబల్ల దగ్గరున్న అమ్మాయితో చెప్పింది.

ఇంటికి వెళ్తూ బస్సులో ఇంకొకటి కూడా తేలింది. అడ్డుగుంపు వెళ్లిపోగానే ఆ చోటు మళ్లీ ఖాళీ. ఖాళీగా ఉంటే తర్వాత వచ్చేది మళ్లీ అక్కడికే పోతుంది. ఈ విషయంలో రసాయన శాస్త్రానికి జాలి లేదు. అక్కడ ఎవరినో ఒకరిని కూర్చోబెట్టాల్సిందే. ఎవరిని అనేదే ప్రశ్న.

ఆదివారం మధ్యాహ్నం ఆమె అన్నీ బల్ల మీద పెట్టింది. భర్త చేతులు కడుక్కుని వచ్చేలోపు వెళ్లి అతని కుర్చీలో, మామగారి పక్కన కూర్చుంది. ఫ్యాక్టరీలో ఎన్ని ఆమ్లాలు వంపింది, ఎప్పుడూ ఇంత భయపడలేదు.

భర్త వచ్చి నిలబడ్డాడు. "అది నా కుర్చీ కదా" అన్నాడు.

"అవును. ఇక నేనిక్కడ కూర్చుంటాను. మీరటు కూర్చోండి."

"అటు అంటే?"

"నానమ్మ కుర్చీ ఖాళీగానే ఉందిగా నాన్నా" అంది కూతురు.

ఆమె పాత కుర్చీ కూడా ఖాళీదే. కాని అందులో కూతురి స్కూలు బ్యాగు, దాని మీద ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టల మూట ఉన్నాయి. అవి ఎలా వచ్చాయని ఎవరూ అడగలేదు. భర్త గుమ్మం పక్కకి వెళ్లి కూర్చున్నాడు. కుర్చీ ఒరిగింది. కంచం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఇదేంటి, ఇది ఊగుతోంది."

"ఎప్పట్నుంచో ఊగుతోంది నాన్నా. నానమ్మ అట్టముక్క పెట్టుకునేది."

అంతలో మామగారి గ్లాసు లేచింది. ఆయన చూపు అలవాటుగా ఎదురుగా వెళ్లింది, కొడుకు ముఖం మీద పడింది, కాస్త తికమకపడింది. కొడుకు తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని గుమ్మంలోకి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"ఏంటి నాన్నా?" అన్నాడు. గ్లాసు ఇంకాస్త పైకి లేచింది.

"తాతయ్యకి నీళ్లు కావాలట" అని కూతురు అర్థం చెప్పింది.

అతను లేచాడు. లోపల్నుంచి, "నీళ్ల జగ్గెక్కడుంది?" అని కేక వినిపించింది.

"ఎప్పుడూ ఉండేచోటే" అంది ఆమె.

"ఎప్పుడూ ఎక్కడుంటుంది?"

నవ్వు ఆపుకోబోయి మరిదికి పొలమారింది. "అన్నయ్యా, వస్తూ వస్తూ ఉప్పు కూడా తీసుకురా" అన్నాడు.

"నీ కాళ్లకేమైందిరా?"

"నేను గుమ్మం పక్క లేనుగా."

ఉప్పు వచ్చింది. ఆ తర్వాత గరిటె, కూతురికి చేతిగుడ్డ వచ్చాయి. అతను నాలుగోసారి కూర్చున్నప్పుడు ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, "చల్లారిపోయింది" అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు.

"ఆ కుర్చీలో అలాగే అవుతుంది" అంది ఆమె. గొంతులో దెప్పిపొడుపు లేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పింది. అతను కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. తల్లి కంచంలోకి ఎప్పుడూ అలా చూసి ఉండడు.

మామగారు తల పక్కకి తిప్పారు. కోడలు పక్కన ఉండటం ఆయనకి కొత్త. పక్కనున్న మనిషికి గ్లాసు చూపించలేరు, మాట్లాడాల్సిందే. "మీ ఫ్యాక్టరీలో నువ్వు చేసే పనేంటమ్మా?" అన్నారు. ఆ ఇంటికి వచ్చాక ఆయన ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"కొత్తగా వచ్చేదల్లా ఎదురు చోటుకే పోతోంది మామయ్యా. మాకు పక్క చోటులో కావాలి. అలా వచ్చేలా చూడటం."

"ఎలా చూస్తారు?"

"ఎదురు చోటులో ముందే ఒకరిని కూర్చోబెడతాం."

లెక్కల మాస్టారు ఎదురుగా కూర్చున్న కొడుకుని చూశారు. మీసాల కింద ఏదో కదిలింది. తర్వాత గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

"మీ అత్తయ్య నిన్ను అందులో కూర్చోనిచ్చేది కాదు" అన్నారు. "పాపం కొత్తపిల్లని ఎందుకలా కసురుతావని ఒకసారి అడిగాను. అందులో కూర్చున్నవాళ్లు ఇంకెక్కడా కూర్చోలేరండీ అంది. నాకప్పుడు అర్థం కాలేదమ్మా. అర్థం చేసుకుందామని కూడా అనుకోలేదు."

ఇన్నాళ్లూ లోపలున్న ముల్లు ఎప్పుడు బయటికి వచ్చిందో ఆమెకు తెలియలేదు. అన్నం కలుపుకుంది. వేడిగా ఉంది. పెళ్లయ్యాక మొదటిసారి మాట వినడానికి కాకుండా మాట్లాడటానికి కూర్చున్నట్టు అనిపించింది.

"ఇక నుంచి నేను పొద్దున్నే వెళ్తాను" అంది. "రియాక్టర్ దగ్గర నేనే ఉంటాను."

"మరి పొద్దుటి వంట?" అన్నాడు భర్త. అడిగాక తనే ఒకసారి బల్ల చుట్టూ చూశాడు. తండ్రి, తమ్ముడు, తను. ఇంకెవరున్నారన్న మాట ఈసారి అతని నోట రాలేదు. "గుడ్లు ఉడకబెట్టడం ఎంతసేపురా?" అని తమ్ముణ్ణి అడిగాడు.

"అది కూడా నన్నడుగుతున్నావా?" అన్నాడు తమ్ముడు.

సోమవారం సెక్షన్ హెడ్ గదిలో ఆమె కూర్చోలేదు. "రియాక్టర్ దగ్గర నేనే నిలబడతానండీ. నివేదిక కూడా నేనే రాస్తాను. ఆలోచన ఎవరిదో అందులో ఉంటుంది" అంది. ఆయన కళ్లజోడు సవరించుకుని, "తప్పకుండా, తప్పకుండా" అన్నాడు. రెండోసారి కొంచెం నెమ్మదిగా అన్నాడు.

రియాక్టర్ బాగా నడిచింది. మొదటిసారి ఆవిరి ఎక్కువై అందర్నీ హడలగొట్టింది గాని తర్వాత దారికొచ్చింది. ఇంట్లోనూ అంతే. మొదటి వారంలో భర్త మూత తీస్తూ చేతి మీద ఆవిరి కొట్టించుకున్నాడు. ఆవిరి తగిలితే అడ్డుగుంపు ఊడిపోతుందని తెలిసిన మనిషి కాబట్టి ఆమె కాస్త కంగారుపడింది. అతను ఊడలేదు. మర్నాడు చేతికి గుడ్డ చుట్టుకుని మళ్లీ పొయ్యి దగ్గరే కనిపించాడు. కూర ముక్కలు చూసి, "ముక్కలు కోశారా, మేకులు కోశారా?" అని ఆమె అంటే, అచ్చం అమ్మలా అన్నావని నవ్వాడు, అంతలోనే నవ్వు ఆపేసి అటు తిరిగాడు. మామగారు మాత్రం ఇప్పుడు జగ్గు తన పక్కన పెట్టుకుంటున్నారు. గ్లాసు లేపడం పూర్తిగా మానలేదు గాని, లేపి, గుర్తొచ్చి, తనే వంపుకుంటున్నారు.

గుమ్మం పక్క కుర్చీ కింద భర్త కొత్త అట్టముక్క పెట్టుకున్నాడు. ఊడ్చినప్పుడల్లా అది పోతుంది, మళ్లీ ఒకటి మడుస్తాడు. స్క్రూడ్రైవర్ ఎక్కడుందో ఆమెకి తెలుసు. రోజంతా క్లాంపులు బిగించే చేతికి అది చిటికెలో పని. అయినా ఆమె ముట్టుకోలేదు, ముట్టుకోదు. ఆదివారం చూద్దామన్నాడు అతను. కుర్చీ కాలు ఇంకా బిగించలేదు.